పట్టుకోండి డాక్టరుగారు

ఆ ఆస్పత్రిలో పెద్ద సర్జనుగారిని వెనకాల అందరూ "పట్టుకోండి డాక్టరు" అనేవారు. ఏ కంపెనీవాడు కొత్త పరికరం తెచ్చినా, వాడు నోరు విప్పకముందే ఆయన చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టేవారు. "పట్టుకోండి. గంటసేపు. దించకూడదు."

పొట్టకి చిన్న చిల్లు పెట్టి లోపల కోసే పరికరాలవి. చెయ్యి గాల్లో ఉండాలి, బొటనవేలు పిడిమీద బిగిసి ఉండాలి. పళ్ళికిలించుకుంటూ వచ్చినవాళ్ళకి పావుగంటలో నవ్వు ఆరిపోయేది. ఒకతను ఇరవయ్యో నిమిషంలో, "సార్, మా తాతగారికి బాగాలేదండీ" అన్నాడు.

"ఆయన కిందటిసారే పోయారన్నావు. పట్టుకో!"

చిన్న డాక్టరమ్మకి ఇందులో నవ్వేదేమీ కనిపించలేదు. ఆర్నెల్లుగా ఆమె కుడి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. ఇంట్లో చొక్కా గుండీ పెట్టుకోవడానికే తంటాలు. చెబితే మళ్ళీ కత్తి పట్టనివ్వరు. పులి మీద పుట్రలా, పొడుగాటి ఆపరేషనైతే చాలు, పెద్దాయన మధ్యలో "జరుగమ్మా, నీది నత్తనడక!" అని నర్సుల ముందే పరికరం లాక్కునేవారు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది కూడా.

ఒకరోజు పరికరం తయారుచేసిన ఇంజినీరే వచ్చాడు. ఆరడుగుల మనిషి, చేటలంత చేతులు. గంటా పట్టుకుని, "నాకేం కాలేదండీ" అన్నాడు దర్జాగా.

పెద్దాయన ముఖం జేవురించింది. "ఎవరి చేతికి చేశావయ్యా ఇది?"

"సగటు చేతికండీ. మా ఆఫీసులో అందరివీ కొలిచాం."

"ఆడవాళ్ళెందరు?"

"ఫోనెత్తే ఆవిడొకరు. ఆవిడది కొలవలేదండీ."

"నా దగ్గర కోసేవాళ్ళలో సగంమంది ఆడపిల్లలు! రోగి లేచి నడిచి వెళ్ళాలి, వీళ్ళు వేళ్ళు పోగొట్టుకోవాలా? చేతకానిది వాళ్ళకి కాదు, నీ పిడికి!" అని సొరుగు లాగి కాగితాలు విసిరికొట్టారు. గ్లౌజుల కొలతలకని ఆయన అందరిచేతా గీయించిన చేతుల బొమ్మలవి. పక్కనే నిలబడ్డ చిన్న డాక్టరమ్మ కాళ్ళ దగ్గర ఒకటి పడింది, ఆమె చేతి బొమ్మే. కింద ఆయన కోడిగీతల్లో, "నలభై నిమిషాలు దాటితే తిమ్మిరి. దాటనివ్వకూడదు."

ఆమెకి అప్పుడు తట్టింది. పరికరం లాక్కునేది ఎప్పుడూ ఆ వేళకే.

"మరి నత్తనడకన్నారేం సార్?"

"వేలు నొప్పా తల్లీ అని అందరి ముందూ అడగమంటావా? మర్నాడే పైవాళ్ళు నిన్ను ఫైళ్ళ గదికి తోసేస్తారు!"

ఆ సాయంత్రం సంచిలో రాజీనామా కాగితం నాలుగు ముక్కలైంది.

మూడు నెలలకి ఇంజినీరు చిన్న పిడితో వచ్చాడు. గడియారం బల్లెక్కింది. చిన్న డాక్టరమ్మ పట్టుకుంది.

"గంటైంది, దించమ్మా."

"ఇంకాసేపు ఉంచుకుంటాను సార్."

పెద్దాయన కళ్ళు తుడుచుకోబోయి, ఇంజినీరు మీద విరుచుకుపడ్డారు. "నవ్వుతావేం? ఇప్పుడది నువ్వు పట్టుకో!"

చేటంత చెయ్యి చిన్న పిడిలో ఇరుక్కుంది. ఇరవయ్యో నిమిషంలో అతను గొంతు సవరించుకున్నాడు.

"సార్, మా తాతగారికి..."