కొమురెల్లి ఆదివారం పూట

బెల్లంపల్లి బజారులోకెల్లా పెద్ద బట్టల దుకాణంలో గజంబద్ద పట్టేవాడు కొమురెల్లి. చింపే ముందు ప్రతి బట్టనూ చెంపకు ఆనించి చూసుకునేవాడు. కొలిచాక నాలుగు వేళ్లు ఎక్కువే వదిలేవాడు. వారమంతా అతను ఇల్లు చేరేసరికి, బీడీలు చుట్టి అలసిన భార్య సమ్మవ్వ నిద్రపోయి ఉండేది. ఆదివారం మాత్రం దుకాణం మధ్యాహ్నానికే మూసేవారు. ఆ ఒక్కపూట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవారు. బొగ్గుబాయి పనివాళ్లకు సెలవు ఆరోజే కాబట్టి ఇకమీద చీకటిపడేదాకా తెరిచి ఉంచాలని దుకాణం యజమాని సేఠ్ అన్నప్పుడు, ఎన్నడూ ఎదురుచెప్పని కొమురెల్లి "నాతోని కాదు సేఠ్" అనేశాడు.

ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూస్తూ తలుపు చెక్కలు పెడుతుంటే ఒక ముసలామె రొప్పుతూ వచ్చింది. దవాఖానకు తెస్తుంటే కూతురు బండిలోనే కన్నదట, పసిగుడ్డును చుట్టడానికి బట్ట లేదట. కొమురెల్లి వెంటనే చెక్కలు తీసి, ఉన్నవాటిలో మెత్తటి బట్ట వెదికి చింపి ఇచ్చాడు.

"చూసినవా? గిందుకే తెరవాలంటున్న" అన్నాడు సేఠ్.

"గిసొంటోళ్లు వస్తే ఎప్పుడైనా పిలువుండ్రి, ఉరికొస్త. రోజూ వచ్చెటోళ్ల కోసం నా ఆదివారం అడగకుండ్రి."

సేఠ్ నవ్వేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లో అన్నం చల్లారిపోయింది. "గింతసేపా?" అంటూ సమ్మవ్వ మూతి ముడిచింది. జరిగింది విన్నాక కంచం ముందుకు జరిపి అడిగింది: "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

కొమురెల్లి నాలుక కరచుకున్నాడు. "అడుగనే లేదు గదనే!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటూ చల్లన్నం కలుపుకున్నారు.