కొబ్బరినూనె తాగిన సైకిలు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండప్పా, తర్వాత నాకు కోపమొస్తే బాగుండదు. న్యాయంగా అయితే మొన్న సోమవారం నాకు ఉద్యోగం వచ్చుండాల. సర్టిఫికెట్టు ఉండాది, సిఫారసు ఉండాది, అన్నిటికీ మించి సైకిలు ఉండాది. ఆ సైకిలే నా కొంప ముంచింది!

ఈ యుద్ధం పుణ్యమా అని ఊరూరా తిరిగి రేషను ధాన్యం చూసుకునే గుమస్తా కావాలన్నారు. ఒక్కటంటే ఒక్కటే ఖాళీ. సొంత సైకిలు ఉన్నవాళ్ళే పొద్దున్నే బెంగుళూరు రోడ్డు బంగళాలో ఆఫీసరు ముందుకు రావాల. నాదా, చిత్తూరులో పని పోయి, పలమనేరులో అత్తగారింట్లో తిండికి చేరిన బతుకు. మామ ఒక్క మాట అనడు. కంచం ముందు కూర్చోగానే, "ఏమన్నా తెలిసిందా అల్లుడా?" అంటాడు, అంతే. నేను రెండో వడ్డనకు చెయ్యి అడ్డం పెట్టేస్తాను. ఈ ఉద్యోగమొస్తే ఆ ప్రశ్న ఉండదు గదా అని నా ఆశ.

మా బామ్మర్ది కూడా అదే ఉద్యోగానికి అర్జీ పెట్టినాడు. వాని సైకిలు చూసినారా మీరు? బ్రేకు లేదు, చెప్పు నేలకు ఆనించి ఆపుతాడు. మడ్‌గార్డు తాడుతో కట్టి ఉంటుంది. పుట్టినప్పటినుంచి చుక్క నూనె ఎరగదు, వాడు వీధి మలుపులో ఉండంగానే కిర్రు కిర్రుమని ఇంట్లోకి వినబడుతుంది. నాది అట్లా కాదు. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి చక్రాల్లో ఒక్కో పుల్లా తుడుస్తాను. "నా మొగం ఎప్పుడన్నా అంత దగ్గరగా చూసినారా?" అంటుంది మా ఆవిడ.

ఆదివారం సాయంత్రం చూస్తే పెడల్ కొంచెం బిగువుగా ఉండాది. మిషను నూనె అంగడిలో లేదు, యుద్ధం గదా! చిత్తూరులో ఎన్నోసార్లు కొబ్బరినూనె పోసినాను, బ్రహ్మాండంగా నడిచింది. సరే అని గూట్లోనుంచి మా ఆవిడ సీసా తీసి వంచితే చుక్క రాలేదు. పలమనేరు చలికి తెల్లగా గడ్డకట్టుకోని ఉండాది. నేను ఊరుకుంటానా! పొయ్యి పక్కన పెట్టి కరిగించి, వెనక చక్రాన్ని చైనుకు పట్టించే ఫ్రీవీల్ నిండా పోసినాను. పెడల్ బొంగరం మాదిరి తిరిగింది.

"తలకు పెట్టుకునే నూనె నాయనా అది" అనింది మా అత్త.

"ఇది యంత్రం అత్తా, నీకు తెలీదులే" అన్నాను. అని, సైకిలును రాత్రంతా బయట అరుగుకు ఆనించి పండుకున్నాను. సీసాలో గడ్డకట్టిన నూనె చక్రంలో గడ్డకట్టదా? ఈ మాట తట్టాలంటే బుర్ర ఉండాల గదా!

పొద్దున లేస్తే ముందు మనిషి కనబడని మంచు. మామ కోటు తొడుక్కొని, చెవులకు తుండు చుట్టి ఎక్కినాను. ఇంటి ముందునుంచి రోడ్డు దిగుడు. జుయ్యిమని పోతా ఉంటే ఎంత సంతోషమో! దిగుడు అయిపోయింది. తొక్కినాను. పెడల్ తిరుగుతా ఉండాది, చైను తిరుగుతా ఉండాది, చక్రం మాత్రం నాకేం సంబంధమన్నట్టు ఉండాది! ఇంకా గట్టిగా తొక్కినాను. సైకిలు మెల్లగా నిలబడి, పక్కకు ఒరిగి, నన్ను కోటుతో సహా మట్టిలో కూర్చోబెట్టింది.

అప్పుడు వినబడింది, కిర్రు కిర్రు.

మా బామ్మర్ది చెప్పు నేలకు రాసి ఆపి దిగినాడు. వంగి చక్రం వాసన చూసినాడు.

"ఏం బావా, సైకిలుకు తలంటు పోసినావా?"

"నీ పని చూసుకో పోరా."

"వెనక ఎక్కు బావా, పోదాం. ఇంకా టైముండాది."

వాని డొక్కు సైకిలు వెనక కూర్చొని ఉద్యోగానికి పోవాల్నా నేను? నా పరువేం కావాల? "నువ్వు పో, నేను నీకంటే ముందుంటాను" అన్నాను. పోయినాడు. నేను తోసుకుంటా నడిచినాను.

చేరేసరికి ఎండొచ్చేసింది. మా బామ్మర్ది మెట్లు దిగి వస్తా నా మొగం చూడలేక తల తిప్పుకున్నాడు. ఆఫీసరు కాఫీ తాగుతా నన్నూ, నా కోటునూ, సైకిలునూ చూసినాడు.

"ఏమయ్యా, ఇది నిన్ను మోస్తుందా, నువ్వు దీన్ని మోస్తావా?"

"చలికి నూనె గడ్డకట్టింది సార్..."

"ఆయన సైకిలుకు చలి లేదే! ఉద్యోగం ఆయనకే ఇచ్చేసినాను, పో."

తిరిగొచ్చేటప్పుడు చూడాల! ఎండకు నూనె కరిగిపోయింది. గాల్లో తేలినట్టు పోయింది సైకిలు. ఎంత బాగా పోతే నాకు అంత ఏడుపొచ్చింది. ఇంత తొందరగా ఇంటికి పోయి ఎవరికి మొగం చూపించాల? ఆ పూట కంచం ముందు మామ నన్నేమీ అడగలేదు. అడిగినా బాగుండేదప్పా.

నిన్న మా బామ్మర్ది వచ్చి నసుగుతా నిలబడినాడు. ఊళ్ళు తిరగాల, దూరం, వాని సైకిలు అంత దూరం తట్టుకోదంట. నేను నోరు తెరిచే లోపలే మా ఆవిడ అందుకునింది: "ఇచ్చేయండి. వానికి డ్యూటీ ఉండాది. మీరు ఇంట్లోనే గదా ఉంటారు?"

ఇచ్చినాను. వాడు పొట్టివాడు గదా, కాళ్ళు అందవని సీటు కూడా నేనే దించి ఇచ్చినాను!