బైబిలమ్మ కలిపిన రాళ్ళు

"గడ్డపార ఉండాదా టీచరమ్మా?" అంటూ శనివారం పొద్దున్నే చర్చి తోటమాలి మా వాకిట్లో నిలబడ్డాడు. మూడేళ్ళుగా సరైన వాన లేని ఈ నేలలో ఇప్పుడేం నాటబోతున్నాడో అర్థం కాక, "ఎందుకప్పా?" అన్నాను.

"బైబిలమ్మకు గుంత తీయల్ల. తెల్లారుజామున పాయ. మా పార ఈ నేలకు దిగల్యా."

మా సంఘంలో చావు కబురు ఇలా చేరుతుంది. మూడు రోజుల జ్వరమట. ఆ మూడు రోజులూ ఆమె గది ముందునుంచే నేను గుడికి (చర్చిని మేం గుడి అనే అంటాం) వెళ్ళి వచ్చాను. తలుపు వేసి ఉంటే ఊళ్ళో తిరగడానికి పోయిందనుకున్నాను. తిరగడమే ఆమె ఉద్యోగం.

తెలియనివారికి చెబుతున్నాను. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చేందుకు మిషన్ వారు పెట్టుకున్న ఆడమనిషిని బైబిలు స్త్రీ అంటారు. మా ఊళ్ళో బైబిలమ్మ అనేవారు. ఊరి బయట పల్లెలో పుట్టింది, పెద్దయ్యాక అక్షరాలు నేర్చింది. నేనేమో ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పి, ఇప్పుడు మనవళ్ళ ఉచ్చారణ దిద్దుతూ కాలక్షేపం చేస్తున్నదాన్ని. ఆమె వాక్యం చదువుతుంటే ఒత్తులన్నీ ఎక్కడ పోతున్నాయా అని వెతుక్కునేదాన్ని. ఒకసారి దిద్దబోయాను. "ఒత్తుల్లేకున్నా దేవునికి తెలుస్తాదిలే టీచరమ్మా. ఆయప్ప మీ బళ్ళో చదవల్యా గదా" అంది.

ఏ ఇంటికి పోయినా ముందు "ఏం తిన్యారు?" అని అడిగేది. తినలేదంటే పుస్తకానికి చుట్టిన తువ్వాలు విప్పేది కాదు. అదేమని మా పాస్టరు అయ్యగారు మందలిస్తే, "తిననోళ్ళ ముందర పుస్తకం తెరిస్తే, కూడు లేకుండా విస్తరేసినట్టుంటాది అయ్యగారూ" అనేది. అయ్యగారికి జవాబు దొరికేది కాదు. ఆయన ప్రసంగాలకు జవాబు ఎవరికీ దొరకదు, అది వేరే సంగతి.

పిడికిలి గింజల వాడుక మన సంఘాల్లో ఉన్నదే. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. మా దగ్గర బియ్యం తక్కువ, కొర్రలూ జొన్నలూ ఎక్కువ. ఎన్నో ఏళ్ళుగా ఆ గింజలు వేలం వేసి గంట గోపురం కడుతున్నాం. ఇప్పటికి నా నడుం ఎత్తు వచ్చింది.

నిరుడు వాన రెండోసారి తప్పినప్పుడు, గుడి గోడకు ఆవలున్న నేతవీధిలో మగ్గాలు ఆగిపోయాయి. నూలు లేదు, ఉన్న చీరలు కొనేవారు లేరు. పిడికిలి గింజలతో గంజి కాచి పోద్దామని సంఘం తీర్మానించింది. ముందు పాట, తర్వాత ప్రార్థన, ఆపైన చిన్న ప్రసంగం, ఆ తర్వాత గంజి. ఈ వరస నేనే రాసిచ్చాను, మంచి దస్తూరితో. మావాళ్ళు వచ్చి తాగారు. నేతవీధి నుంచి ఒక్కరూ గేటు దాటలేదు.

"వాళ్ళకింకా అంత ఆకలి కాలేదేమో" అన్నారు అయ్యగారు.

పొయ్యి దగ్గరనుంచి బైబిలమ్మ లేచింది. "ఆకిలి శానా ఉండాది అయ్యగారూ. ఆ మూలింట్లో బాలింతకు పాలు పడక, బిడ్డకు ఏడ్చేదానికి గూడా ఓపిక లేదు. మన చేతి గంజి తాగితే వాళ్ళ కులమోళ్ళ ముందర తలెత్తుకోలేరు. పచ్చి గింజలైతే తీసుకుంటారు. ఊరికే ఇస్తే అవీ తీసుకోరు. నేసి తిన్న చేతులు."

"అయితే ఏం చేయమంటావు, కాళ్ళు పట్టుకోమంటావా?" అన్నాను నేను.

"పని చెప్పమంటా."

నలభై ఇళ్ళనుంచి వచ్చే గింజలంటే అందులో సగం రాళ్ళే. ఆ మూట నెత్తిన పెట్టుకుని ఆమె నేతవీధికి పోయింది. ఆ మూలింటి ముసలమ్మ అరుగుమీద దించి, "మా గుడి గింజల్లో రాళ్ళు ఏరిపెట్టల్ల తల్లీ, మావోళ్ళకు తీరదు. కూలి సగం గింజలు" అంది. కూలి కాబట్టి తీసుకున్నారు. సోమవారానికల్లా వీధి వీధంతా అరుగులమీద చాటలు. ఒకరోజు ఆ మూలింటి నుంచి పసిబిడ్డ వీధి అదిరేలా ఏడుస్తుంటే, గోడకు ఇవతల బైబిలమ్మ పాటకచేరీ వింటున్నట్టు నిలబడిపోయింది.

ఇక నా తెలివి సంగతి. రాళ్ళు ఏరినందుకు సగం గింజలు ఇవ్వడమేమిటని నాకు తోచింది. ఆ ఆదివారమే గుడిలో లేచి, వచ్చే వారంనుంచి ప్రతి ఇల్లాలూ గింజలు శుభ్రం చేసే తేవాలని ఉత్తరువు చేశాను. వాళ్ళలో సగంమంది నా బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే, మరు ఆదివారం కొర్రలు బంగారంలా వచ్చాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

సోమవారం గుడి వెనక్కి పోతే, బైబిలమ్మ చాట ముందు కూర్చుని ఉంది. ఒళ్ళోంచి చిన్న చిన్న రాళ్ళు తీసి ఆ గింజల్లో చల్లి, చేత్తో కలియతిప్పుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా ఇది?"

"కూలి కలుపుతాండా."

"నేను శుభ్రం చేయించిన గింజల్లోనా?"

"మీరు శుభ్రం చేయించింది వాళ్ళ కూడును టీచరమ్మా." తలెత్తలేదు. నేనేదో బెంగపడుతున్నానని అనుకుందేమో, "పెన్నేట్లో ఏరుకొచ్చినాలే. కడిగినా" అంది.

రాళ్ళు కడిగిందట. గుడిలో మళ్ళీ లేచి నా ఉత్తరువు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. పెద్దరికం అడ్డొచ్చింది. అందువల్ల ఎనిమిది నెలలపాటు నలభై ఇళ్ళలో రాళ్ళు ఏరారు, గుడి వెనక ఆమె కలిపింది, నేతవీధిలో మళ్ళీ ఏరారు. ఇంతకంటే దండగ పని నేను చూడలేదు. మా సంఘం ఇరుగుపొరుగుకు ఇంతకంటే పనికొచ్చింది కూడా నేనెరగను. సంఘసేవ గురించి సభల్లో ఎన్నో తీర్మానాలు రాశాను. వాటిలో ఒక్కటైనా ఎవరి చాటలోకీ పోలేదు. ఇప్పుడవి చదువుకునే ఓపిక కూడా లేదు.

శనివారం సాయంత్రం మట్టి చేశాం. ఆదివారం ఆరాధన కాగానే పెద్దలు గోపురం మాట ఎత్తారు. మోసే మనిషే పోయింది కదా, గింజలు మళ్ళీ వేలం వేద్దామన్నారు. నేను తీసుకుపోతానన్నాను. మోకాళ్ళ నొప్పులన్నారు. మోకాళ్ళు నావి, మీకెందుకన్నాను.

సోమవారం తోటమాలి నెత్తిన మూట పెట్టించి నేతవీధికి నడిచాను. మూలింటి ముసలమ్మ గింజలు చాటలో పోసుకుని వేలితో ఒకసారి గీసింది, మళ్ళీ గీసింది.

"ఈవారం రాళ్ళు ల్యావే టీచరమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది. "మరిచిపోయాను" అన్న మాట నోరు జారింది.

"ఆయమ్మ మరిచేది కాదు" అంది ముసలమ్మ. "కొర్రచేన్లో ఏటి రాయి యాడిది? మాకు మొదటి వారమే తెలిసిపాయ. నువ్వు కొత్త గదా, నేర్చుకుంటావులే."

చాట నా వైపు నెట్టేస్తుందేమోనని చూశాను. నా తెలివితక్కువతనం వల్ల ఆ వీధికి ఈ వారం కూడు లేనట్టే అనుకున్నాను. ఆమె వీధిలోకి తిరిగి, "రాండమ్మే, గింజలొచ్చినాయి" అని కేక వేసింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఆ బాలింత కూడా, చంకలో బలిసిన బిడ్డతో. అందరూ వరసగా కూర్చుని చాటలు ముందుకు లాక్కున్నారు. తలలు వంచారు. వేళ్ళు గింజలమీద మెల్లగా కదిలాయి. లేని రాయిని పట్టుకున్నాయి, అంచు అవతల వదిలాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఎవరూ నవ్వలేదు, నా వైపు చూడలేదు. అరుగుమీది నీడ వీధికి అడ్డంగా సాగేదాకా అలాగే ఏరుతూ ఉన్నారు.