కొలతలమ్మ గులకరాళ్ళు

మొక్కజొన్న వేసిన రైతుకి ప్రభుత్వం ఎకరానికి ఇంతని సాయం ఇస్తుంది. ఆ ఎకరాలు కాగితం మీదే కాక నేల మీద కూడా ఉన్నాయో లేదో చూసొచ్చే ఉద్యోగం ఆవిడది. అందరూ కొలతలమ్మ అంటారు. పొట్టి మనిషి, పగిలిన మడమలు, మోకాళ్ళ దాకా బురద. ఆఫీసువాళ్ళు కొలిచే మెషీన్ ఇచ్చారు. దాన్ని మెళ్ళో వేసుకుంటుంది గానీ, నమ్మేది మాత్రం తన అడుగుల్నే. యాభై అడుగులకో గులకరాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆపుతుందే తప్ప పెదవి విప్పదు. లెక్క తప్పిందా, మళ్ళీ మొదటి గట్టుకి పోవాల్సిందే. ఓ ముసలాయన ఎందుకొచ్చిన గొడవని తక్కువ రాసుకుంటే, అరెకరం కలిపి మరీ రాసింది.

నిరుడు సొంత అన్నయ్య చేను వంతు వచ్చింది. ఆయన నాలుగెకరాలని రాశాడు. నీళ్ళు నిలిచి ఒక్క మొక్కా మొలవని పల్లం దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"మూడున్నరే అన్నయ్యా."

"ఈ చేలోనే నిన్ను భుజాన మోసుకు తిరిగానే! అరెకరానికి కళ్ళు మూసుకోలేవా?"

"కళ్ళయితే మూసుకుంటాను, కాళ్ళకేం చెప్పను?"

వదిన ఏడాదంతా ఆవిడతో మాట్లాడలేదు. ఈ ఏడు దరఖాస్తులు తీసుకునే రోజున అన్నయ్య ఆఫీసుకొచ్చి, ముభావంగా కాగితం బల్ల మీద పెట్టాడు. పల్లం వదిలేసి మూడున్నర అని రాసుంది.

"ఎవరు కొలిచారు?" అని అడిగింది.

ఆయన కుడి జేబు తిరగేశాడు. బల్ల మీద గులకరాళ్ళు దొర్లాయి.