పట్టుకున్న చెయ్యి

గోదావరి మీద పొద్దుగూకే వేళ ఏవో వెలుగులు తేలుతున్నాయని విని, పుష్కరాలకు జనం విరగబడుతున్న రోజులవి. హనుమకొండలో బస్సెక్కినప్పటి నుంచీ పక్కసీటు పెద్దమ్మ నా ఒళ్లోని నాలుగేళ్ల పాపనే చూస్తోంది.

“పాప చెయ్యి ఇడువను పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు,” అన్నాను.

“అందరం గట్లనే అనుకుంటం బిడ్డా. లైట్లు కనబడంగనె, అగో అని చూపెట్టెతందుకు పట్టుకున్న చెయ్యే లేపుతం. మా చెల్లెను నేను గట్లనే పోగొట్టుకున్న.”

అంటూనే నా కొంగును పాప గౌను నడుము పట్టీకి ముడేసింది. రేవు దగ్గర దిగి జనంలో కలిసిపోయింది.

మసక చీకట్లో నీళ్ల మీద ఏదో వెలిగింది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. పాపను పట్టుకున్న నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

భుజం మీద కొంగు బిగిసింది.