పులిహోర గుండిగ దగ్గర ఒక సాక్ష్యం

రబ్బరు కాలిన వాసన తగిలితే లోకంలో అందరికీ తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం ఇంగ్లీషు మాటలు వస్తాయి. మొన్న ఎల్బీనగర్‌లో స్కూటీకి పంక్చరు వేయిస్తూ నిలబడితే, ట్యూబు మీద ప్యాచీ కాలిన పొగలోంచి యాదగిరి సారు చాక్‌పీసు పట్టుకుని నడిచి వచ్చినట్టే అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగు క్లాసు టైర్ల దుకాణం పై అంతస్తులో ఉండేది. అరవై మంది పట్టే గదిలో మేం ఆరువేల మందిమి, సరే, నూట ఇరవై మందిమి కూర్చునేవాళ్లం. ఒకరు పేజీ తిప్పాలంటే బెంచీ మొత్తం మోచేతులు సర్దుకోవాలి. కింద టైర్లు ఉడికేవి, పైన మేం ఉడికేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజులవి. వారానికి ఏడు రోజులుంటే ఎనిమిది బందులుండేవి. మేం చదువుతున్న సర్కారు ఉద్యోగాల పరీక్ష ఇవాళ, రేపు అంటూ వాయిదాల మీద బతుకుతోంది. నాకు ముప్ఫై నిండబోతున్నాయి. ఇద్దరు పిల్లలు, చంపాపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు, ఆ సామ్రాజ్యానికి చక్రవర్తి మా అత్తమ్మ. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆమె దగ్గితే గల్లీలో ఆటోలు ఆగేవి. నేను రోజూ పొద్దున రెండు గంటలు క్లాసుకు పోవడం ఆమెకు గిట్టేది కాదు. “అందరు రాష్ట్రం కోసం రోడ్ల మీద పడ్డరు. నువ్వేమో పిల్లల్ని నాకప్పజెప్పి సంచి ఏసుకొని పోతవ్. గిది సోకు గాకుంటె ఏంది పద్మా?” అనేది. సరిగ్గా ఆ సమయానికే మా ఆయన పేపర్లో వాతావరణం వార్తలో మునిగిపోయేవాడు. చివరికి తీర్పు వెలువడింది: నెలాఖరుతో క్లాసు బంద్. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆమె మాటే న్యాయంగా తోచింది. ఎందుకంటే ఆ రెండు గంటలూ నాకు చచ్చేంత ఇష్టం.

యాదగిరి సారు పద్ధతే వేరు. మిగతా చోట్ల ఇంగ్లీషు మాటల్ని బస్తాలకొద్దీ కుమ్మరించేవారు. ఈయన దగ్గర ప్రతి మాటకూ సాక్షి కావాలి. “నీ ఇంట్లనో, నీ గల్లీలనో గా మాటకు సరిపొయ్యే మనిషిని జూపియ్యి. గప్పుడే అర్థం రాసుకో” అనేవారు. దాంతో మేమంతా గూఢచారుల్లా చుట్టాల ఇళ్లు గాలించేవాళ్లం. పిసినారి అన్న మాటకు ఒక్క పూటలో పద్దెనిమిది మంది మేనమామలు దొరికారు.

ఒక రోజు బోర్డు మీద ‘సెల్ఫ్ ఇండల్జెన్స్’ అని రాసి, కింద గ్లటనీ, హీడొనిజం, డిబాచరీ అంటూ దాని బంధువులను కూర్చోబెట్టారు. “గివన్ని ఒక్కటే అని గైడుల ఉంటది, నమ్మకుండ్రి. ఒకే పెండ్లికి వచ్చిన చుట్టాలు గంతే. ఎవరి గుణం వాళ్లది” అన్నారు. తిండిపోతుతనానికి సాక్షి వెంటనే దొరికాడు: ఒకడి బావ, పరామర్శకు పోయిన ఇంట్లో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నవాడు. సుఖమే పరమార్థం అనే హీడొనిజానికి, తుర్కయంజాల్‌లో పొలం అమ్మి ఓడంత కారు కొన్న పెద్దమనిషి. కారు గల్లీ మలుపు తిరగకపోతే, రోజూ మధ్యాహ్నం అందులోనే ఏసీ వేసుకుని గుర్రు పెట్టేవాడట. విచ్చలవిడితనమైన డిబాచరీకి సాక్షులు బోలెడు మంది ఉన్నట్టున్నారు గానీ, చెప్పాల్సినవాళ్లంతా ఫ్యాను వైపు చూశారు.

“ఇగ అసలు మాట. తన ఇష్టానికి తనే లొంగి, అద్దు మరిచెటోళ్లు. ఎవరున్నరు?”

ఎవరికీ సాక్షి దొరకలేదు. మా ఇళ్లలో లొంగడానికి ఇష్టమంటూ ఒకటి మిగిలితే కదా! నేను మాత్రం నోట్సులో చకచకా రాసేశాను. సాక్షి: పద్మ, చంపాపేట.

చీమ దూరని బెంచీల మధ్య ఎలా దూరారో గానీ, సారు వచ్చి చూశారు. “ఎవరు చెప్పిండ్రు గిది?”

“మా అత్తమ్మ సార్. నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది. ఈ నెలతోని మానేస్త.”

“నీ మీద నువ్వు చెప్పుకునే సాక్ష్యం చెల్లది బిడ్డా. మీ అత్తమ్మ ఏడ దొరుకుతది?”

“రేపు ఎల్బీనగర్ చౌరస్తల, వంటావార్పు కాడ.”

వంటావార్పు అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను ఆపేసే నిరసన. మర్నాడు అక్కడ మా అత్తమ్మ కొంగు నడుముకు బిగించి, పడవ తెడ్డంత గరిటెతో, చెరువంత గుండిగలో పులిహోర కలుపుతోంది. కలుపుతూ పాడుతోంది. మధ్యలో “జై తెలంగాణ” అంటే మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు బెదిరి ఉంటాయి. ఇంట్లో ఆమె అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు. సారు విస్తరాకు పట్టుకుని వరసలో వచ్చి, “అక్కా, నేను పద్మ వాళ్ల సారును” అన్నారు.

“ఓహో! మా కోడలికి సోకులు నేర్పే సారువు నువ్వేనా?” అంటూ ఆమె విస్తట్లో పులిహోర ధబీమని వేసింది.

సారు ఒక ముద్ద తిన్నారు. “మస్తుగున్నది. ఒకటి అడుగుత, కోపం జెయ్యకు. పొద్దుగాల్నుంచి ఎండల నిలవడ్డవు. గిదంత రాష్ట్రం కోసమేనా, జర నీ ఖుషీ గూడ ఉన్నదా?”

నా గుండె ఆగింది. గరిటె ఆగింది. హైవే ఎలాగూ పొద్దుటి నుంచే ఆగి ఉంది.

అత్తమ్మ చెమట తుడుచుకుని ఫక్కున నవ్వింది. “అబద్ధమెందుకు సారూ! ఖుషీ లేకుంటె గీ ఎండల ఎవరు నిలవడ్తరు? పెండ్లయినంక గింత గట్టిగ ఎన్నడన్న పాడిన్నా?”

“మరి ఖుషీ ఉన్నదని గిది సోకైతదా?”

“ఎట్లైతది? పనాయె గద!”

“నీ కోడలిది సుత గంతే అక్కా. చదువు ఆమె పని. గందుల ఖుషీ ఉన్నదని, తప్పు జేసినట్టు బెదురుతున్నది.”

అత్తమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు ఎంతసేపు నిలిచిందంటే, ఆ లోగా ఇంకో రాష్ట్రం కూడా ఏర్పడి ఉండేది. “నీకు గంత ఖుషీ అని నాకెన్నడన్న చెప్పినవా?” అని మాత్రం అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా విస్తట్లో రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

తెల్లారి నేను లేచేసరికి నా సంచి గడప దగ్గర తయారుగా ఉంది. “పిల్లలు లేవకముందే నడువు. లేస్తె నీ ఎంట పడ్తరు” అంది అత్తమ్మ, నా ముఖం చూడకుండా. ఆ తర్వాత కొన్నాళ్లకు బియ్యం ఏరుతూ ఇంట్లోనే పాడటం మొదలుపెట్టింది. శ్రుతి గురించి నేనేమీ చెప్పను, పక్కింటివాళ్లు చెప్పారు.

రాష్ట్రం వచ్చింది. పరీక్షా వచ్చింది. మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. ఆ వార్తకు సారు, “గిప్పుడు ఆఫీసుల సాక్షులు దొరుకుతరు, చూస్కో” అన్నారు. ఆయన పోయి మూడేళ్లయింది.

దొరుకుతున్నారు మరి. సెలవు చీటీలన్నీ ఇప్పుడు నా బల్ల మీదికే వస్తాయి. వాటి ప్రకారం మా సెక్షన్లో ఒక్కో పెద్దమ్మ నాలుగేసి సార్లు కాలం చేసింది. కిందటి నెల కొత్తగా చేరిన అమ్మాయి అరపూట సెలవు చీటీ తెచ్చింది. కారణం దగ్గర ‘ఈత నేర్చుకోవడానికి’ అని రాసి, కొట్టేసి, పక్కన ‘జ్వరం’ అని పెట్టింది. తలవంచుకుని నిలబడింది, ఏదో దొంగతనం చేసినట్టు. నేను జ్వరం కొట్టేసి, ఈత అని నా చేత్తో మళ్లీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.