ఖాళీ ఆటో చూపు

మార్కెట్ రోడ్డు మలుపు ఇంకా ఇరవై గజాలుందనగా ఆటో ఉన్నట్టుండి ఎడమకు తిరిగింది. వెనుక కీచుమని బ్రేకు చప్పుడు. పాలక్యాన్లు కట్టిన మోటారు సైకిలు మాకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక క్యాను మూత మాత్రం ఊడి డివైడర్ దాకా దొర్లుకుంటూ పోయింది.

"ఏంది భయ్, కండ్లు యాడ వెట్టినవ్? మలుపుతున్నా అని జర చెయ్యన్న సూపియ్యవా?" అన్నాడు పాలాయన.

ఆటో నడుపుతున్నది ఖాజా. రోడ్డు పక్కన సంచులతో నిలబడిన ఒక ముసలమ్మను "యాడికి అవ్వా?" అని అడుగుతున్నాడు. ఆమె ఎక్కడికీ పోవడం లేదు. నీడకు నిలబడింది.

అప్పటి మా వేగం సైకిలు కన్నా కొంచెం ఎక్కువ. తాను వేగంగా నడిపే మనిషి కాదని రుజువు చేయడానికే ఖాజా నన్ను ఆ రోజు ఆటో ఎక్కించుకున్నాడు.

నేను ఒక దినపత్రికలో ఆదిలాబాద్ విలేకరిగా చాలాకాలం పనిచేసి, కరీంనగర్‌కు నగర విలేకరిగా బదిలీ అయిన ఏడాది అది. నేరాలు, ప్రమాదాలు నా బాధ్యత. సాయంత్రం ఆరయ్యేసరికి ఒక్కో పోలీసు స్టేషనుకు ఫోన్ చేసి, ఆ రోజు నమోదైన కేసులు రాసుకునేవాణ్ని. రోడ్డు ప్రమాదమైతే ఫిర్యాదు కాగితంలో దాదాపు ఎప్పుడూ ఒకే మాట: "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి". అది చట్టం భాష. సింగిల్ కాలమ్ హెడ్డింగులో రెండు మాటలూ పట్టవు. ఆదిలాబాద్‌లో ఉన్నప్పుడు ఘాట్ రోడ్డు మీద బోల్తాపడిన లారీల వార్తలు రాసీ రాసీ నాకు అతివేగమే అలవాటైంది. అజాగ్రత్తను తీసేసేవాణ్ని.

ఖాజా వార్తకూ అదే చేశాను. మార్కెట్ రోడ్డులో అతని ఆటో వెనుక భాగాన్ని ఒక స్కూటరు ఢీకొంది. స్కూటరు మీదున్న బ్యాంకు అటెండరుకు మణికట్టు ఎముక చిట్లింది. అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది ఖాజాయే. ఆ సంగతి నాకు తెలియదు. "అతివేగం తెచ్చిన అనర్థం" అని హెడ్డింగు పెట్టి, ఖాజా పేరు, వాడ పేరు సహా ఆరు లైన్లు పంపాను.

మూడో రోజు పొద్దున ఖాజా ఆ వార్త కత్తిరింపు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా.

"సార్, నా బండి ముప్పై దాటితే వణుకుతది. అడ్డా మీద 'ఏం ఖాజా భాయ్, విమానం కొన్నవట' అని నవ్వుతున్నరు. నవ్వేటోళ్లతోని ఫికర్ లేదు. పిల్లల అవ్వలు నవ్వుతలేరు."

అతను రోజూ ఆరుగురు పిల్లలను బడికి తీసుకుపోయేవాడు. అతని ఇల్లు నడిచేది ఆ ఆరుగురి మీదే. వార్త చూసి నాలుగిళ్ల వాళ్లు సోమవారం నుంచి రావద్దన్నారు. తప్పు దిద్దమని అడిగాడు. పోలీసు కాగితంలో ఉన్నదే రాశానన్నాను. "అయితే మీరే ఎక్కి సూడుండ్రి" అన్నాడు.

అలా ఎక్కిన ఆటో అది.

పాలాయన మూత ఏరుకుని తిట్టుకుంటూ పోయాక ఖాజా బండిని పక్కకు ఆపి, నా వైపు తిరిగాడు.

"మొన్న గూడ గిట్లనే అయింది సార్."

"ఆ రోజూ ముసలమ్మేనా?"

"లే సార్. పెండ్లికి పొయ్యేటోళ్లు. నలుగురు!" అన్నాడు. ఆ నలుగురు చేజారిన బాధ ఇంకా గొంతులో ఉంది. "ఖాళీ బండి ఉంటే కండ్లు రోడ్డు మీద నిలువయి. గిరాకీ దిక్కు గుంజుతయి."

అదే రాస్తే అతివేగం పోయి అజాగ్రత్త వస్తుందని, మిగిలిన రెండిళ్ల వాళ్లు కూడా వద్దనవచ్చని చెప్పాను.

"చెయ్యని తప్పుకు ఇంటింటికి పోయి ఏమని చెప్పాలె సార్? చేసినదైతే తోబా, ఇగ చెయ్య అంట. రాయుండ్రి."

సవరణ వేయడానికి ఎడిషన్ ఇన్‌చార్జి తటపటాయించాడు. మంత్రి పేరు తప్పుపడితే సవరణ వేస్తాం గానీ ఆటో వేగానికి కూడానా అన్నాడు. చివరికి అదే పేజీలో అయిదు లైన్లకు ఒప్పుకున్నాడు. ఆటో నెమ్మదిగానే ఉందని, ఖాళీగా వస్తున్న డ్రైవరు ప్రయాణికుల కోసం చూస్తూ, సైగ చేయకుండా ఎడమకు తిప్పాడని, ఆ మాట అతనే ఒప్పుకున్నాడని రాశాను.

మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. ఖాజాను వద్దన్న తల్లుల్లో ఒకరు. సువార్త అని, ఆసుపత్రిలో నర్సు.

"ఖాళీ బండి గనక గిరాకీ కోసం సూసిండని రాసిండ్రు గదా సార్. మా పిల్లలు ఆరుగురు ఎక్కినంక బండిల సందెక్కడిది? గప్పుడు ఆయనకు ఏ గిరాకీ కావాలె? ముంగటికే సూస్తడు గదా?"

సవరణ రాసిన నాకే అది తట్టలేదు. మర్నాడు గంటసేపు ఆ మలుపులో నిలబడి చూశాను. నిండిన ఆటోలు గీత గీసినట్టు పోతున్నాయి. ఖాళీవి మేకల్లా అంచు వెంట మేస్తూ పోతున్నాయి.

సువార్త మిగతా తల్లులకూ అదే చెప్పడంతో, వద్దన్న నాలుగిళ్లలో ముగ్గురు పిల్లలు సోమవారం ఎప్పటిలాగే ఖాజా ఆటో ఎక్కారు. దారిలో ఎవరినీ ఎక్కించుకోవద్దని, పక్కన కూడా కూర్చోబెట్టుకోవద్దని సువార్త షరతు పెట్టింది. నాలుగో ఇంటివాళ్లు అప్పటికే బడి బస్సు మాట్లాడుకున్నారు.

ప్రమాదానికి కారణం రాయాలంటే బండి ఎంత వేగంతో ఉందన్నది ఒక్కటే చాలదని, నడిపేవాడి చూపు ఎటుందో కూడా అడగాలని ఆ వారంలో నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా ప్రతి స్టేషనునూ అడిగాను. "దానికి కాగితంల గడి లేదు సార్" అని కేసులు రాసే స్టేషన్ రైటర్లు నవ్వేవారు. ఇప్పటికీ లేదు.

ఆ మలుపులో ఆటోలు ఆగడానికి జాగా కూడా ఇంకా గుర్తించలేదు. మొన్న అక్కడ నిలబడితే నన్ను చూసి మూడు ఖాళీ ఆటోలు ఎడమకు తిరిగాయి. మొదటిది ఖాజాది. చెయ్యి బయటపెట్టే తిప్పాడు. మిగతా ఇద్దరూ పెట్టలేదు. నేను నీడకు నిలబడ్డాను.